‘నిర్జనం’ అని రాసిందెవరు?

1966 ఆగస్టులో బ్రిటన్ విదేశాంగశాఖలో ఒక ఉన్నతాధికారి హిందూ మహాసముద్రంలోని చాగోస్ ద్వీపాల గురించి ఫైలు మీద నాలుగు ముక్కలు రాశాడు. మనకు కావలసింది ఎప్పటికీ మనవిగా ఉండే కొన్ని రాళ్ళు, సీగల్ పక్షులు తప్ప స్థానికులెవరూ ఉండరు, వాటికింకా కమిటీ లేదు అని దాని సారాంశం. స్త్రీల స్థితిగతుల కమిటీ పక్షుల హక్కుల జోలికి రాదని బ్రాకెట్లో ఒక చమత్కారం కూడా చేర్చాడు. ఇంగ్లీషు వాడుకలో ‘పక్షి’ అంటే పడుచుపిల్ల అనే చులకన అర్థం కూడా ఉంది. దానికి జవాబుగా మరో అధికారి, దురదృష్టవశాత్తూ అక్కడ కొందరు టార్జాన్లూ ఫ్రైడేలూ కూడా ఉన్నారని రాశాడు. ఫ్రైడే, రాబిన్సన్ క్రూసోకి దొరికిన సేవకుడు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి వీటిని కూడా రచనలుగానే చదువుతాను. నేలను ఖాళీ చేయించే ముందు దాన్ని భాషలో ఖాళీ చేశారు.

నిజానికి అక్కడ తరాలుగా మనుషులున్నారు. ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి, తర్వాత భారతదేశం నుంచి కూలీలుగా వెళ్ళినవారి సంతతి. కొబ్బరి తోటలే వారి బతుకు. పగలగొట్టిన కాయల్లోంచి కొబ్బరి తీసే పని స్త్రీలది. 1965లో బ్రిటన్ ఈ ద్వీపాలను మారిషస్ నుంచి విడదీసింది. మరుసటి ఏడు డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరానికి ఒప్పందం కుదిరింది. 1973 నాటికి ద్వీపవాసులందరినీ పంపించేశారు. వారి పెంపుడు కుక్కలను చంపేశారు. భర్త వైద్యం కోసం 1967లో మారిషస్ వెళ్ళిన షార్లేజియా అలెక్సిస్‌కి తిరుగు ఓడ ఎక్కే వీలు లేకపోయింది.

పోర్ట్ లూయిస్ మురికివాడల్లో ఉద్యమాన్ని నిలబెట్టింది ఇలాంటి స్త్రీలే. షార్లేజియా, లిజెట్ తలాతే ముందు నడిచారు. నిరాహారదీక్షలు చేశారు, అరెస్టయ్యారు. 1982 పరిహారం కోసం చదువురాని ఎందరో ఇంగ్లీషు కాగితాల మీద వేలిముద్రలు వేశారు. తిరిగి వెళ్ళే హక్కు వదులుకుంటున్నామని ఆ కాగితాల్లో ఉంది.

2010 ఏప్రిల్‌లో సుమారు 6,40,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని బ్రిటన్ సంరక్షిత ప్రాంతంగా ప్రకటించింది. చేపల వేట నిషేధం. సైనిక స్థావరమున్న డియెగో గార్సియాకీ, దాన్ని ఆనుకున్న జలాలకూ మాత్రం మినహాయింపు! ఇలా చేస్తే ద్వీపవాసుల పునరావాస కోరిక దాదాపు ముగిసిపోతుందని బ్రిటిష్ అధికారి 2009లోనే అమెరికన్లకు చెప్పినట్టు, 2010 డిసెంబరులో వికీలీక్స్ బయటపెట్టిన కేబుల్‌లో ఉంది. ఫ్రైడేలు అన్న మాట అందులోనూ ఉంది. నలభై ఏళ్ళు దాటినా ఉపమానం మారలేదు. 2015లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ ప్రకటన సముద్ర చట్టానికి విరుద్ధమని తేల్చింది.

అక్కడి పగడపు దిబ్బలూ, పక్షులూ, కొబ్బరి పీతలూ అపురూపమైనవే. కాపాడాల్సిందే. కాపాడటమంటే కొబ్బరి తీసిన చేతుల్ని చరిత్రలోంచి తీసేయడమని ఎవరు నిర్ణయించారు?

2018లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం లిజ్బీ ఎలిజే మాటలు వింది. చదవడం, రాయడం రాని ఆమె క్రియోల్‌లో చెప్పిన సాక్ష్యాన్ని వీడియోలో వేశారు. 1973లో గర్భిణిగా ఓడ ఎక్కించారని, పశువుల్లా బానిసల్లా తీసుకెళ్ళారని, పుట్టిన బిడ్డ దక్కలేదని చెప్పింది. ఫైళ్ళలో ఎక్కడా దొరకని చరిత్ర అది. 2019 ఫిబ్రవరిలో 13-1 ఆధిక్యంతో ఆ న్యాయస్థానం, వలస విముక్తి చట్టబద్ధంగా పూర్తికాలేదని అభిప్రాయం చెప్పింది.

2025 మే 22న ద్వీపాలపై సార్వభౌమాధికారాన్ని మారిషస్‌కి అప్పగించే ఒప్పందంపై రెండు దేశాలూ సంతకాలు చేశాయి. డియెగో గార్సియాను బ్రిటన్ 99 ఏళ్ళకు లీజుకు ఉంచుకునే షరతు అందులో ఉంది. ఆ సంతకాన్ని ఆపమని లండన్ కోర్టుకెక్కింది డియెగో గార్సియాలో పుట్టిన ఇద్దరు స్త్రీలు. తమ నేల గురించి తమను అడగలేదన్నారు. కొన్ని గంటలపాటు ఆగిన సంతకం ఆ రోజే జరిగిపోయింది. పక్షులకు కమిటీ లేదని నవ్వుకున్న ఫైలుకి ఇంకా జవాబు చెబుతున్నది స్త్రీలే.