కర్ణాటకమునందలి తెలుగు పగటివేషగాండ్రు

ఒకరిని అనుకరించి బ్రదుకువాని భాగ్యము ఆ అనుకరింపబడినవాని ప్రసిద్ధిపై ఆధారపడి యుండును. చూపరులు మూలపురుషుని ఎరిగినవారై యుండవలెను. లేనిచో వేషము వృథా. ఈ విచిత్రవృత్తికి మనకు లభించుచున్న ప్రాచీన నిదర్శనములలో నొకటి నేటి కర్ణాటకమునందలి విజయనగరమున జరిగినట్లు చెప్పబడుచున్నది.

కర్నలు మెకంజీ సేకరింపించిన స్థానిక చరిత్రలలో మాచుపల్లి కైఫీయతు ఒకటి. సిద్ధవటము సీమ నేలుచుండిన సమ్మెట గురవరాజు ప్రజలను హింసించి ధనము గుంజుచుండెననియు, స్త్రీల స్తనములకు చిరుతలు పట్టించుట కూడ అతని పద్ధతులలో నొకటియనియు అందు కలదు. ఆ దారిని పోవుచు దీనిని చూచిన కూచిపూడి భాగవతులు రాజధాని చేరి, వీరనరసింహరాయల యెదుట కేళిక పట్టిరి. ఒకడు గురవరాజు వేషము ధరించెను, ఇద్దరు భటులైరి, వేరొకడు స్త్రీవేషము పూనెను. తాము కన్నదంతయు వినోదమువలెనే ఆడి చూపిరి. రాయలు విచారించి విషయము గ్రహించి, సైన్యమును పంపి గురవరాజును పట్టించి మరణదండన విధించెనట. నవ్వుటకై కూర్చున్న సభలో ఆరంభమైన ఆట వధ్యస్థలమున ముగిసినది.

వీరనరసింహరాయల పాలనము 1505 మొదలు 1509 వరకు. కైఫీయతు వ్రాతకెక్కినది సుమారు మూడు శతాబ్దములకు పిమ్మట. కావున అందలి ప్రతి వివరమును చరిత్రముగా గ్రహింపరాదు. అయినను వేషమునకు అంతటి శక్తి కలదని జనులు విశ్వసించిరనుటకు ఇది చాలిన సాక్ష్యము.

రాజసభ దాటి వీధికి వచ్చినచో, వేషము ఫిర్యాదు కాదు, పొట్టకూడు. మన పగటివేషమును కన్నడిగులు హగలువేష మందురు. మన పకారమునకు కన్నడమున హకారము వచ్చుట భాషావేత్తలకు విదితమే, పగలే హగలు. బళ్ళారి మున్నగు ప్రాంతములలో ఈ వృత్తి నవలంబించినవారిలో బుడగ జంగములు ముఖ్యులు. వీరి యింటిభాష తెలుగు. వీధిలో పలుకునది కన్నడము. అనగా వేషము వేయకమునుపే వీరు రెండవ కంఠమును ధరించియుందురు.

పగటివేషములలో అర్ధనారీశ్వరుడును, శారదయు భక్తిని కలిగింపగా, కోమటి, బైరాగి వంటివి నవ్వించును. తెలుగునాట పిట్టలదొర వేషము మరియు విచిత్రమైనది. దొరటోపి పెట్టి, కొయ్యతుపాకి పట్టి, ఊరివారికి మాన్యములును కోట్లును ధారపోసెదనని డంబములు పలికి, తుదకు గుప్పెడు గింజలకై చేయి చాచును. సీమను పాలించిన దొర ఆకలిగొని నిలుచుట చూచి జనులు నవ్వుదురు. ఆ ఆకలి మాత్రము వేషము కాదు.

ఊరిలో కొన్నాళ్ళు దినమున కొక వేషము చొప్పున ఆడి, చివరినాడు సంభావన లడుగుట సంప్రదాయము. సినిమా, దూరదర్శనము వ్యాపించిన పిదప ఇంటిముంగిట ఆటకు ఆదరము తగ్గినది.

ఇంతకంటె చోద్యము వేరొకటి కలదు. కర్ణాటకమున షెడ్యూల్డు కులముల పట్టికలో బేడ జంగమ, బుడ్గ జంగమ నామములు చేరియున్నవి. 1976 నాటి సవరణ చట్టము ప్రాంతీయ పరిమితులను తొలగించిన తరువాత, వీరశైవ జంగములలో కొందరు ఆ పేరు తమకును వర్తించునని కోరగా, దీర్ఘమైన వివాదము పుట్టినది. దాని న్యాయనిర్ణయము ఈ వ్యాసపరిధిలోనిది కాదు. కాని తరతరములుగా ఇతరుల రూపములను ధరించి జీవించినవారు, తమ రూపము తమదేయని అధికారుల యెదుట నిరూపించుకొనవలసి వచ్చుట గమనింపదగినది. అచ్చట వేషము పనికిరాదు; కాగితము కావలెను. సంచారులకు లేనిది అదియే.

ఈ కులమున జన్మించి, బళ్ళారి జిల్లా దరోజి గ్రామమున నివసించి, కన్నడమున బుర్రకథలు పాడిన ఈరమ్మను హంపి కన్నడ విశ్వవిద్యాలయము నాడోజ పురస్కారముతో గౌరవించినది. ఆమె 2014లో పరమపదించెను. ఆమె కంఠమున నిలిచిన కథలను కన్నడ విద్వాంసులు గ్రంథస్థము చేసిరి. తెలుగువారమైన మనము ఈ కుటుంబముల యింటిభాషను, అందలి వృత్తిపదములను, వేషముల నామములను అంతటి శ్రద్ధతో సేకరించితిమా? వృద్ధులు జీవించియుండగనే ఆ పని జరుగవలెను. గురవరాజు నామము కైఫీయతు మూలమున నిలిచినది. అతని వేషము ధరించిన నటుని పేరు మాత్రము నేడు ఎవరును స్మరించుట లేదు.