భౌతికశాస్త్రపు లెక్కలు – ఇంటి భాష, బడి భాష

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రపు లెక్కలు సాధారణంగా చలనం పాఠంతో మొదలవుతాయి. హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి, సిరొంచ ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలలో అనేకులు ఈ పాఠాన్ని తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ మాధ్యమాలలో చదువుతారు. తెలుగు మాధ్యమంలో చదివిన తండ్రో అక్కో సాయంత్రం పక్కన కూర్చొని లెక్క చేయించినప్పుడు కూడికలు, భాగాహారాలు సరిగానే ఉండి కూడా జవాబు తప్పు కావచ్చును. అందుకు కారణం లెక్కలో కాక పదంలో ఉంటుంది. ఇది తెలియక పిల్లవాడికి లెక్కలు రావనుకోవడం అన్యాయం.

తెలుగు పాఠ్యపుస్తకాలలో ‘వడి’ వేరు, ‘వేగం’ వేరు. ప్రమాణ కాలంలో ప్రయాణించిన దూరం వడి. దానికి దిశతో పని లేదు. ప్రమాణ కాలంలో ఒక నిర్దిష్ట దిశలో జరిగిన స్థానభ్రంశం వేగం. కన్నడంలో వీటిని వరుసగా ‘జవ’, ‘వేగ’ అంటారు. మరాఠీలో ‘చాల’, ‘వేగ’. అక్కడ చిక్కు లేదు. తమిళంలో మాత్రం ‘వేగం’ అంటే మన వడియే. మన వేగానికి వారి మాట ‘తిసైవేగం’. ఒడియాలోనూ అంతే: ‘బేగ’ అంటే వడి, ‘పరిబేగ’ అంటే వేగం. ఒకే సంస్కృత పదం ఇరుగుపొరుగు భాషలలో రెండు అర్థాలతో స్థిరపడినది.

ఈ తేడా ఎంత దూరం తీసుకుపోతుందో ఒక లెక్క చాలు. ఒక బస్సు ఊరి నుండి 60 కి.మీ. దూరంలోని పట్టణానికి గంటకు 30 కి.మీ. చొప్పున వెళ్లి, అదే దారిన గంటకు 60 కి.మీ. చొప్పున తిరిగి వచ్చినది. సరాసరి వేగం ఎంత? చాలామంది 30ని, 60ని కలిపి సగం చేసి 45 అంటారు. అది ఏ భాషలోనైనా తప్పే. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 1 గంట పట్టినవి. మొత్తం దూరం 120 కి.మీ., మొత్తం కాలం 3 గంటలు. కనుక సరాసరి వడి గంటకు 40 కి.మీ. బస్సు నెమ్మదిగా నడిచిన కాలమే ఎక్కువ గనుక జవాబు 30 వైపుకు ఒరిగినది. ఇక బస్సు బయలుదేరిన చోటికే చేరినది కాబట్టి స్థానభ్రంశం సున్న, సరాసరి వేగమూ సున్న. అనగా అదే ‘సరాసరి వేగం’ అన్న ప్రశ్నకు తమిళ నోటుపుస్తకంలో 40 అనీ, తెలుగు లేదా కన్నడ నోటుపుస్తకంలో సున్న అనీ వ్రాయవలెను. రెండూ సరైనవే.

పెద్దలకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉన్నది. సూత్రాలలోని గుర్తులు ఈ భాషలన్నింటి పుస్తకాలలోనూ సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలే: తొలి వేగానికి ‘యు’, తుది వేగానికి ‘వి’, త్వరణానికి ‘ఎ’, కాలానికి ‘టి’, స్థానభ్రంశానికి ‘ఎస్’. త్వరణాన్ని కన్నడంలో ‘వేగోత్కర్ష’ అన్నా, తమిళంలో ‘ముడుక్కం’ అన్నా గుర్తు మారదు. లెక్క మొదలుపెట్టే ముందు ఏ గుర్తు విలువ ఇచ్చారో, ఏది కనుక్కోమన్నారో పిల్లల చేత వ్రాయిస్తే, బడి భాష చదవలేని తల్లి కూడా మిగిలిన లెక్కను సరిచూడగలదు.

ఇచ్చిన విలువలన్నీ అంకెలలో ఉండవు. ‘బావిలోకి రాయిని జారవిడిచిన 2 సెకన్లకు నీటి చప్పుడు వినిపించినది, లోతెంత?’ అన్నప్పుడు ‘జారవిడిచిన’ అనే మాటలోనే తొలి వేగం సున్న అని ఉన్నది. తమిళ లెక్కలలో ‘ఓయ్వు నిలై’ అని కనిపిస్తే అదీ సున్నయే. గురుత్వ త్వరణం 9.8 తీసుకుంటే, 9.8ని కాలపు వర్గమైన 4తో గుణించి సగం చేయగా లోతు 19.6 మీటర్లు. చప్పుడు పైకి రావడానికి సెకనులో నూరవ వంతులు ఆరు మాత్రమే పడుతుంది కనుక దానిని వదిలివేస్తారు. పుస్తకం గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకోమంటే జవాబు 20 మీటర్లవుతుంది. పిల్లవాడిని తప్పు పట్టే ముందు ఆ వాక్యం చూడవలెను.

ప్రమాణాల పొరపాటు మరింత మోసకారి. గంటకు 54 కి.మీ. వడితో పోతున్న బస్సు బ్రేకు వేయగా 5 సెకన్లలో ఆగినది. 54ను అలాగే 5తో భాగిస్తే 10.8 వస్తుంది. చూడడానికి బాగానే ఉంటుంది గాని, బస్సు రాయి పడేదానికన్నా తీవ్రంగా ఆగినదని దాని అర్థం! కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు. కాబట్టి 54ను 5తో గుణించి 18తో భాగించాలి. సెకనుకు 15 మీటర్లు వస్తుంది. రుణ త్వరణం 3, ఆగేలోపు పోయిన దూరం 37.5 మీటర్లు.

పని, శక్తి పాఠంలో మరో పదం అడ్డు వస్తుంది. 50 కిలోల బియ్యం బస్తాకు ఆ 50 ద్రవ్యరాశి. భారం 490 న్యూటన్లు. దానిని 1.2 మీటర్ల ఎత్తున్న బండిపైకి ఎత్తితే జరిగిన పని 588 జౌళ్లు. (అదే బస్తాను నెత్తిన పెట్టుకొని చదునైన దారిలో నడిస్తే, బస్తాను మోసే బలం చేసిన పని సున్న అంటుంది పుస్తకం. కూలివాడు ఒప్పుకోడు, కానీ ఆ బలం పైకి, కదలిక అడ్డంగా.) ఎత్తడానికి 2 సెకన్లు పడితే 294 వాట్లు. ఈ 294ను తెలుగులోనూ కన్నడంలోనూ ‘సామర్థ్యం’ అంటారు, తమిళంలో ‘తిఱన్’ అంటారు. మరాఠీ పుస్తకం దీనినే ‘శక్తీ’ అంటుంది. మనం శక్తి అనే 588 జౌళ్లకు అక్కడి మాట ‘ఊర్జా’. సిరొంచ పిల్లలు ‘శక్తీ’ ఎంత అన్న ప్రశ్నకు 588 కాక 294 వ్రాయవలసి ఉంటుంది.