నూటికి అర్ధ రూపాయి

మా కంచరపాలెంలో రుతువులు ఆరు కావు, ఏడు. ఏడోది జులై నెలలో వస్తుంది. దాని పేరు రిటర్నుల రుతువు. ఆ నెలలో మెట్టు దగ్గర్నుంచి ఊర్వశి జంక్షన్ దాకా ఎక్కడ ఎవరెదురైనా, "మాస్టారూ, మీ ఇంటికే బయల్దేరుతున్నాను" అంటారు. నేను మాస్టార్ని కాను. 1969లో చేరి ముప్ఫై ఏడేళ్లు ఒక ఆఫీసులో జీతాల బిల్లులు రాసిన గుమాస్తాని. పన్ను కాగితం తెలిసినవాడెవడైనా మా పేటలో మాస్టారే.

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఫిబ్రవరి నెలంటే అందరికీ హడలు. ఏడాది పొడుగునా మరిచిపోయిన పన్నంతా ఆ ఒక్క నెల జీతంలోనే కోసేవాళ్లం. కొందరికి కవర్లో చిల్లర మాత్రం మిగిలేది. వాళ్లు నాకేసి చూసిన చూపులు ఇంకా మరిచిపోలేదు. 1973-74లో అందరికన్నా పై మెట్టులో ఉన్న ఆదాయానికి పన్ను, సర్‌ఛార్జీ కలిపి నూటికి 97 రూపాయల 75 పైసలు. అంటే ఆ మెట్టు మీద నూరు సంపాదిస్తే చేతికొచ్చేది రెండుంపావలా. అది చదివి నేనూ మా ఆవిడా ఎంత నవ్వుకున్నామో! నా జీతం అప్పటికి పన్ను గీతకి కిందే ఉండేది లెండి. గీతకి కింద ఉన్నవాడికి పన్ను గురించి నవ్వొస్తుంది.

అయితే గీతకి కింద ఉన్నవాళ్లక్కూడా ఏడుపొస్తుందని 2024 ఏప్రిల్లో తెలిసింది.

మా ఎదురింటావిడ నన్ను అన్నియ్యా అని పిలుస్తుంది. వాళ్లాయన కాంట్రాక్టు కలాసీ. ఆయన పోయిన తరవాత వచ్చిన తొమ్మిది లక్షలు బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో మనవరాలిని చదివిస్తోంది. ఆ రోజు పాస్‌బుక్కు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"అన్నియ్యా, నాను ఉద్దోగం సెయ్యలేదు, యాపారం సెయ్యలేదు. పన్నెండు వేల ఆరొందలు ఎందుకు కోసీసినారు?"

లెక్క చూశాను. అరవై మూడు వేల వడ్డీ మీద నూటికి ఇరవై. పన్ను పడేంత ఆదాయం ఆవిడకి లేదు. పన్ను కొయ్యొద్దని 15జీ కాగితం కూడా ఇచ్చింది. అది చెల్లలేదు. ఆధార్‌తో కలపని పాన్ నంబరు 2023 జులై 1 నుంచి పని చెయ్యదు. పని చెయ్యని పాన్ ఉన్నవాళ్లకి ఇరవై శాతం కొయ్యాలని రూలు. ఎందుకు కలపలేదమ్మా అంటే కలవలేదంది. కార్డులు రెండూ పక్కపక్కన పెడితే సంగతి బోధపడింది. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. మన ఇంటిపేరు ముందుంటుంది, ఫారంలో చివర అడుగుతారు. ఆడదానికైతే ముందూ వెనకా అన్నదే కాదు, ఏ ఇంటిదన్నది కూడా చిక్కే.

అసలీ పన్ను మనకి ఎప్పుడొచ్చిందంటారా? 1860లో. 1857 తిరుగుబాటు అణచడానికి దొరలకి బోలెడు ఖర్చయింది. ఖజానా ఖాళీ. దాన్ని నింపడానికి లండన్ నించి జేమ్స్ విల్సన్ అనే ఆయన్ని కలకత్తాకి పంపించేరు. 'ఎకనమిస్ట్' పత్రిక పెట్టినాయనే. ఏడాదికి రెండొందలు దాటిన ఆదాయం మీద నూటికి రెండు, అయిదొందలు దాటితే నూటికి నాలుగు అన్నాడు. అది 1860 జులై 24న చట్టమయింది. మూడు వారాలు తిరక్కుండానే, ఆగస్టులో, విల్సన్ జబ్బుచేసి కలకత్తాలోనే పోయేడు.

అప్పుడు మన విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గవర్నరు చార్లెస్ ట్రెవిలియన్. ఈ పన్ను జనానికి అలవాటు లేనిది, ఇంట్లో దూరి ఆరా తీసేది, వద్దు అన్నాడాయన. అనుకుని ఊరుకుంటే గవర్నరుగిరీ దక్కేది. ఆ అభ్యంతరాన్ని పత్రికలకి ఇచ్చేశాడు! పై వాళ్లకి కోపమొచ్చి 1860లోనే వెనక్కి పిలిపించేరు. అయినా చూడండి విధి విలాసం: మళ్లీ ఆయన్నే ఆర్థిక సభ్యుడిగా కలకత్తాకి పంపించేరు. 1865లో ఆ అయిదేళ్ల పన్ను గడువు ముగిసినప్పుడు పొడిగించకుండా వదిలేసిందీ ఆయనే. తరవాత లైసెన్సు పన్నని, సర్టిఫికెట్ పన్నని వేషాలు మార్చి, 1886లో ఆదాయపు పన్ను చట్టంగా స్థిరపడింది. వ్యవసాయం మీది రాబడిని అప్పుడే బయటపెట్టేరు. 1922లో ఒక చట్టం, 1961లో మరొకటి. ఏ ఏడాది సంపాదనకి ఏ ఏడాది మదింపు అన్నది నేర్చుకోడానికే నాకు మూడేళ్లు పట్టింది. 2026 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్ల పేర్లూ తీసేసి ఒక్కటే 'పన్ను సంవత్సరం' అని 2025 చట్టం చెప్పింది. నేర్చుకున్నదంతా గంగపాలు!

ఇంగ్లండు వాళ్ల కథ ఇంకా తమాషా. 1799లో ఫ్రెంచివాళ్లతో యుద్ధానికని పిట్ ఈ పన్ను వేసేడు. నెపోలియన్ ఓడిపోయేక 1816లో రద్దు చేసి, కాగితాలు కూడా లేకుండా చెయ్యమంది పార్లమెంటు. నకళ్లు మాత్రం మిగిలిపోయేయి. పన్ను కూడా 1842లో మళ్లీ వచ్చింది. వాళ్ల పన్ను సంవత్సరం ఈనాటికీ ఏప్రిల్ 5తో ముగుస్తుంది. 1752లో పంచాంగం మార్చి పదకొండు రోజులు ఎగరగొట్టినప్పటి చిక్కు అది. అధిక మాసం లెక్కలు మనకే అనుకోకండి.

టెక్సాస్‌లో మా అన్నయ్య కొడుకున్నాడు. ఏప్రిల్ 15 దగ్గర పడితే ఫోన్లో గొంతు మారిపోతుంది. "బాబాయ్, నా జీతమెంతో కంపెనీ సర్కారుకి ముందే చెప్పేసింది. అయినా నేను మళ్లీ చెప్పాలి. తప్పు చెబితే జరిమానా" అంటాడు. విశాఖలో వాడికున్న డిపాజిట్ల వడ్డీ అక్కడ చూపించాలి. మన బ్యాంకుల్లో ఉన్నదంతా కలిపి పదివేల డాలర్లు దాటితే ఆ ఖాతాల చిట్టా వేరే ఇవ్వాలి. వాళ్ల ఏడాది జనవరికి మొదలు, మనది ఏప్రిల్‌కి మొదలు. ఆ లెక్క కుదర్చడానికి ఏటా నాకు ఫోను.

అదే జపానులో అయితే మామూలు జీతగాళ్ల లెక్క డిసెంబర్లో కంపెనీయే సరిచేసేస్తుంది. చాలామంది రిటర్ను మొహమే చూడరు. స్వీడన్‌లో సర్కారే ఫారం నింపి పంపిస్తుంది. సరిగ్గా ఉందనుకుంటే ఫోన్లో ఒప్పుకోవడమే. దుబాయ్‌లో జీతం మీద పన్నే లేదు. మన దగ్గరా 2021 నుంచి ఏ బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చింది, ఎంత కోసింది అన్న వార్షిక నివేదిక కనబడుతోంది. నా బోటివాడికి అది వరమే. కాని ముందే నింపిన ఫారంలో పేరు తప్పయితే? తప్పు కూడా ముందే నిండి వస్తుంది.

సరే, చెల్లెమ్మ సంగతికొద్దాం. పాన్‌లో ఇంటిపేరు మార్పించడానికి మే నెలంతా పట్టింది. ఆధార్‌తో కలపడానికి వెయ్యి రూపాయలు రుసుము కట్టేం. జులై మొదట్లో పాన్ కళ్లు తెరిచింది. ఆఖరి వారంలో రిటర్ను వేసేను. ఈలోగా మనవరాలి కాలేజీ ఫీజుకి గడువొచ్చేసింది. ఆవిడ నాకు చెప్పకుండా చేతి గాజులు రెండూ తాకట్టు పెట్టేసింది. చెబితే నేనిచ్చేవాణ్ణి. అందుకే చెప్పలేదు.

సెప్టెంబర్లో డబ్బు పడింది. గాజులు విడిపించుకుని, మైసూరుపాకు పొట్లంతో వచ్చింది. పాస్‌బుక్కు చూసి, "నీదే కాకుండా నూట ఎనభై చిల్లర వడ్డీ కూడా ఇచ్చేరమ్మా, నెలకి నూటికి అర్ధ రూపాయి చొప్పున" అని గొప్పగా చెప్పేను.

ఆవిడ గాజులు తిప్పుకుంటూ ఆలోచించింది. "తాకట్టు కొట్టోడు నా దగ్గర నూటికి రెండు రూపాయలు తీసుకున్నాడు. గవుర్మెంటోళ్లు నా డబ్బులు ఉంచుకుని అర్ధరూపాయేటిస్తారన్నియ్యా?"

నేను జవాబు చెప్పలేకపోయేను. ఆ నూట ఎనభై చిల్లరని కూడా వచ్చే ఏడాది రిటర్నులో ఆదాయంగా చూపించాలన్న మాట నోటిదాకా వచ్చింది. మైసూరుపాకు నోట్లో వేసుకుని మింగేశాను. దానికి జులై ఉంది కదా.