కానెమా సరస్సు క్లబ్బు జీవనం: విహారం, యాజమాన్యం, బాధ్యత (1879–1889)

ఉపోద్ఘాతం

విహారస్థలాల చరిత్ర సాధారణంగా విహరించినవారి చరిత్రగానే రచింపబడింది. వారి భవనాలు, పడవలు, వేసవి వినోదాలు అందులో ప్రధానస్థానం పొందుతాయి. ఆ వినోదానికి ఆధారమైన నీటిని ఎవరు కాపాడాలి, దానివల్ల కలిగే ప్రమాదాన్ని ఎవరు భరించాలి అనే ప్రశ్నలు అందులో అరుదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1879లో ఏర్పడిన సౌత్ ఫోర్క్ ఫిషింగ్ అండ్ హంటింగ్ క్లబ్బు చరిత్రలో మాత్రం ఆ ప్రశ్నలను తప్పించుకోవడానికి వీలులేదు. ఈ క్లబ్బుకు చెందిన కానెమా సరస్సు కట్ట 1889 మే 31న తెగి, దిగువ లోయలో 2,209 మంది మరణించారు. సరస్సుపై సాగిన విహారాన్నీ, దిగువన సంభవించిన విపత్తునూ ఒకే చరిత్రగా చదవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

సరస్సు పూర్వచరిత్ర

కానెమా సహజసిద్ధమైన సరస్సు కాదు. పడవలు నడిచే కాలువలకు ఎండాకాలంలో నీరందించడానికి రాష్ట్రప్రభుత్వం 1838లో ప్రారంభించి 1853లో పూర్తిచేసిన జలాశయం అది. అప్పటికే రైలుమార్గం రావడంతో కాలువల అవసరం తీరిపోయింది. 1857లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థ దానిని కొన్నది. 1862లో కట్టకు గండిపడినా, నీరు తక్కువగా ఉన్నందున పెద్ద నష్టం జరగలేదు. 1875లో దానిని కొన్న జాన్ రైలీ, కట్ట అడుగున ఉన్న తూము గొట్టాలను తీయించి పాత ఇనుము కింద అమ్మివేశాడు. 1879లో బెంజమిన్ రఫ్ కొని క్లబ్బును స్థాపించాడు. ప్రజాప్రయోజనానికి కట్టిన కట్ట ఈ విధంగా చేతులు మారుతూ వ్యక్తిగత ఆస్తి అయింది. ఆస్తి హక్కు మాత్రం ప్రతిసారీ సంపూర్ణంగా బదిలీ అయింది. కట్టను సంరక్షించే బాధ్యత అలా బదిలీ కాలేదు.

విహార జీవనం

పిట్స్‌బర్గ్ నగరం నాడు ఉక్కు కర్మాగారాల పొగతో నిండి ఉండేది. ఆ పొగనుండి కొన్ని వారాలపాటు దూరంగా ఉండదలచిన ధనికులే క్లబ్బు సభ్యులు. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ క్లే ఫ్రిక్, ఆండ్రూ మెల్లన్, ఫిలాండర్ నాక్స్ వారిలో ప్రముఖులు. సౌత్ ఫోర్క్ స్టేషనులో రైలు దిగి, గుర్రపుబండ్లలో కట్ట మీదుగా వారు క్లబ్బు భవనానికి చేరుకునేవారు. ఆ భవనంలో 47 గదులు ఉండేవి. తీరం వెంబడి 16 వేసవి గృహాలు వెలిశాయి. సుమారు 2 మైళ్ల పొడవున్న సరస్సులో తెరచాప పడవలు, ఆవిరి పడవలు తిరిగేవి. వేటాడి పట్టడానికి బ్లాక్ బాస్ చేపలను తెచ్చి పెంచారు. సభ్యులలో ఒకడైన లూయీ సెంపుల్ క్లార్క్ తీసిన ఛాయాచిత్రాలు ఆ వేసవుల నెమ్మదినీ తీరికనూ నేటికీ చూపుతున్నాయి.

ఈ ప్రశాంతత సభ్యులకే పరిమితం. క్లబ్బు హద్దులు దాటి ఇతరులు రావడానికి వీలులేదు. కాని సరస్సులోని నీటికి ఆ హద్దులు వర్తించవు. సరస్సుకు 14 మైళ్ల దిగువన, సుమారు 450 అడుగుల పల్లంలో ఉన్న జాన్స్‌టౌన్ నివాసులు క్లబ్బులో అడుగుపెట్టకపోయినా, ఆ కట్ట నీడలోనే జీవించారు.

సౌకర్యాలు, హెచ్చరికలు

క్లబ్బు కట్టపై చేసిన మార్పులు ఒక్కొక్కటిగా చూస్తే స్వల్పమైనవి. గండి పూడ్చారుగాని తూము గొట్టాలను తిరిగి అమర్చలేదు. కనుక నీటిమట్టాన్ని తగ్గించి మరమ్మతు చేసే అవకాశం లేకపోయింది. బండ్ల రాకపోకలకు దారి వెడల్పు కావడానికి కట్ట పైభాగాన్ని రెండు మూడు అడుగులు తగ్గించారు. దానితో అలుగుమీదుగా పారగల నీటి పరిమాణం తగ్గింది. చేపలు కొట్టుకుపోకుండా అలుగుకు ఇనుప జల్లెడలు అడ్డుపెట్టారు. వీటిలో ఏదీ దురుద్దేశంతో చేసినది కాదు. ప్రతిదీ వ్యయం తగ్గించడానికో, విహారసౌఖ్యం పెంచడానికో చేసినదే.

ప్రమాదం ఎవరికీ తెలియనిది కూడా కాదు. జాన్స్‌టౌన్‌లోని కేంబ్రియా ఐరన్ సంస్థ అధిపతి డేనియల్ మోరెల్, 1880లో జాన్ ఫుల్టన్ చేత కట్టను పరీక్షింపజేశాడు. నీటిని వదిలే మార్గం లేకపోవడం, మరమ్మతు నాసిగా ఉండడం అనే రెండు లోపాలను ఫుల్టన్ నివేదించాడు. రఫ్ ఆ నివేదికను తోసిపుచ్చాడు. మరమ్మతు ఖర్చులో కొంత భరిస్తామని మోరెల్ ముందుకు వచ్చినా ఫలితం లేకపోయింది.

విపత్తు, విచారణ

1889 మే నెలాఖరున కుండపోతగా వాన కురిసింది. మే 31 ఉదయం క్లబ్బు అధ్యక్షుడు ఎలియాస్ అంగర్ పనివారిని పెట్టి కట్ట ఎత్తు పెంచడానికి, మరో అలుగు తవ్వడానికి, చెత్త పేరుకున్న జల్లెడలను తొలగించడానికి ప్రయత్నించాడు. మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో కట్ట తెగింది. సుమారు గంటలో వరద జాన్స్‌టౌన్‌ను ముంచింది.

బాధితులు వేసిన దావాలేవీ క్లబ్బుపై నెగ్గలేదు. అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం 1891లో ప్రకటించిన నివేదిక, క్లబ్బు మార్పులు చేయకపోయినా కట్ట నిలిచేది కాదని తేల్చింది. 2016లో వెలువడిన కోల్‌మన్, కాక్టిన్స్, వోజ్నో పరిశోధన దీనిని ఖండించింది. తొలి నిర్మాణపు ఎత్తు, నీటిని వదిలే ఏర్పాట్లు యథాతథంగా ఉండి ఉంటే కట్ట ఆ వరదను తట్టుకొనేదని వారి గణనలు చూపాయి. దైవఘటనగా పరిగణింపబడినది మానవకృతమన్న వాదానికి ఈ విధంగా బలం చేకూరింది. ఒకరి ప్రాంగణంలో నిలిపిన నీరు పొంగి ఇతరులకు నష్టం కలిగిస్తే, నిర్లక్ష్యం రుజువు కాకున్నా యజమాని బాధ్యుడే అన్నది 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ ఆంగ్ల తీర్పు సారాంశం. తొలుత దీనిపట్ల విముఖంగా ఉన్న అనేక అమెరికన్ న్యాయస్థానాలు, జాన్స్‌టౌన్ అనంతర దశాబ్దాలలో దీనివైపు మొగ్గాయి.

ఉపసంహారం

కానెమా సరస్సు మళ్లీ నిండలేదు. ఆ స్థలం 1964లో జాతీయ స్మారకమైంది. క్లార్క్ చిత్రాలలోని ప్రశాంతత అబద్ధం కాదు. కాని అది అసంపూర్ణం. ఆ చట్రంలో కట్టకు ఎగువన ఉన్నవారే కనిపిస్తారు, దిగువవారు కనిపించరు. తూము, అలుగు, కట్ట చరిత్రను తీరజీవన చరిత్రతో కలిపి చదివినప్పుడే ఆ విహారానికి చెల్లిన మూల్యమూ, దానిని చెల్లించినవారూ తెలుస్తారు. ప్రైవేటు సరస్సుల సామాజిక చరిత్ర తీరంవద్ద ఆగక, నీరు పారే దిగువదాకా సాగాలి.