వార్డెన్ సంతకంతో సమ్మతి

పరాయి దేశాల వైద్యులతో కలిసి పరిశోధన చేయడం మనకు కొత్త కాదు. క్లోరోఫామ్ మత్తులో ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వివాదం తేల్చడానికి 1889లో నిజాం వెయ్యి పౌండ్లిచ్చి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను హైదరాబాదు రప్పించాడు. ఎనిమిదేళ్లకు సికింద్రాబాదులో వైద్యుడు రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి దోమకో అణా ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న అలాంటి దోమ కడుపులోనే మలేరియా క్రిమి దొరికింది. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కు ఏం చెప్పి ఒప్పించావని రాస్‌ను అడిగే నియమం ఆనాడు లేదు.

నాజీ వైద్యుల ఘోరాలు బయటపడ్డాక 1947లో న్యూరెంబర్గ్ నియమావళి పుట్టింది. మనిషి ఇష్టపడి ఒప్పుకోవడమే అందులో మొదటి షరతు. 1964లో హెల్సింకీ ప్రకటన, 1980లో మన భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు వచ్చాయి.

ఇన్ని ఉండి కూడా ఖమ్మం జిల్లాలో ఏం జరిగింది? 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. నడిపింది అమెరికా సంస్థ పాత్, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీది. వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భాగస్వాములు. పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. కొందరు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే ఆ టీకా మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. తప్పు సమ్మతి తీసుకున్న తీరులో ఉంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి: 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. కన్నవాళ్లు ఊళ్లో ఉండగా వార్డెన్ ఎలా ఒప్పుకుంటాడు? ఇది క్లినికల్ ట్రయల్ (మనుషులపై జరిపే వైద్య ప్రయోగం) కాదన్న పాత్ వాదననూ సంఘం తోసిపుచ్చింది.

2019 నాటి క్లినికల్ ట్రయల్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో చేరేవారికి అర్థమయ్యే భాషలోనే వివరాలు ఇవ్వాలి. చదువురాని వారికైతే నిష్పక్షపాత సాక్షి దగ్గరుండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే పరిహారం చెల్లించాలి. మన చోడవరం నుంచి విశాఖ కేజీహెచ్‌కో, మరో పెద్దాసుపత్రికో వెళ్లినప్పుడు ఎవరైనా ట్రయల్‌లో చేరమంటే, తెలుగు పత్రం అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఇంట్లో చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. వద్దనిపిస్తే వద్దని చెప్పండి, మీకు అందాల్సిన వైద్యం ఆగకూడదు.