రహీం సాబ్ ఎంపికలు: ఒక అభిమాని బేరీజు

ఏప్రిల్ నెలలో అమెరికాలోని మన మిత్రులకు ఫోన్ చేస్తే సగం కబుర్లు "డ్రాఫ్ట్" మీదే నడుస్తాయి. ఏ జట్టు ఏ కుర్రాణ్ణి తీసుకుంది, ఎవర్ని వదులుకుందని పెద్ద చర్చ. అక్కడి ఫుట్‌బాల్ వేరు, ఇక్కడి ఫుట్‌బాల్ వేరు. మేముండే అల్ వుకైర్ నుంచి అల్ జనూబ్ స్టేడియం కారులో కొద్ది నిమిషాల దూరం. 2022 ప్రపంచ కప్పులో అక్కడ ఏడు మ్యాచ్‌లు జరిగాయి. ఆస్ట్రేలియా తన మూడు లీగ్ మ్యాచ్‌లూ అక్కడే ఆడింది. జపాన్ క్రొయేషియా చేతిలో పెనాల్టీలతో ఓడిందీ అక్కడే. ఒకప్పుడు ఈ రెండు దేశాలనూ మన హైదరాబాదు మాస్టారి జట్లు ఓడించాయని చెబితే మా పిల్లలు నమ్మలేదు. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ మీ ముందు పెడుతున్నాను.

ఆ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు, వృత్తి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయన శిక్షకులు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. భారత జట్టు బాధ్యత కూడా ఆయనదే. ఆయన జట్టు 1951లో ఢిల్లీలో ఇరాన్‌పై 1-0 తేడాతో మొదటి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది.

అన్నీ విజయాలేనని చెబితే అభిమానం అవుతుంది గాని చరిత్ర కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు లేని ఆటకు కాలం చెల్లింది.

నాలుగేళ్ళకు మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టు చూడండి. తంగరాజ్, బలరామ్, నూర్ మహమ్మద్, అజీజ్, సలాం, జుల్ఫికర్... అందరూ మన జంటనగరాల మైదానాల్లో ఎదిగినవాళ్ళే. ఆతిథ్య ఆస్ట్రేలియాపై 4-2 గెలుపులో బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియావాడు అతనే. చివరికి మనకు దక్కింది నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో దాన్ని మించి మనం ఇంతవరకూ వెళ్ళలేదు.

రహీం సాబ్ ఎంపికల్లో నేను మొదటి మార్కు వేసేది తులసీదాస్ బలరామ్‌కి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రాడు. హైదరాబాదు దాకా రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకు రహీం సాబే డబ్బులిచ్చి రప్పించారని బలరామ్ చెప్పుకునేవారు. ఆట ఉన్నవాణ్ణి గుర్తుపట్టడం ఒక ఎత్తు, వాడు మైదానం దాకా వచ్చే దారి చూడడం మరో ఎత్తు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు.

రెండో మార్కు 1962 జకార్తాకి. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తరవాత థాయ్‌లాండ్, జపాన్‌లపై గెలిచాం గాని, వెన్నెముకలాంటి డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. వేరెవరైతే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ అతన్ని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు! అతను సెమీఫైనల్లో ఒకటి, ఫైనల్లో మరొకటి కొట్టాడు. ఫైనల్లో మళ్ళీ ఎదురైంది కొరియానే. సెమీస్‌లో గోల్ కాసిన బర్మన్‌ను పక్కన పెట్టి ఆజానుబాహువు తంగరాజ్‌ను దింపారు. బర్మన్‌కి ఎంత కష్టమనిపించి ఉంటుందో! కానీ గాలిలో వచ్చే కొరియా బంతులకు ఆ ఎత్తే జవాబు. సెప్టెంబర్ 4న 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్ళీ మనకి రాలేదు.

2024 జనవరిలో ఆసియా కప్పుకు భారత జట్టు మా ఖతార్‌కే వచ్చింది. ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా... మూడు మ్యాచ్‌లూ ఓడి ఒక్క గోల్ కూడా చేయకుండా వెళ్ళిపోయింది. శిక్షకుడి ఎంపికల్ని అందరూ తిట్టారు. నాకు మాత్రం మా వృత్తి మాటే గుర్తొచ్చింది. డేటాబేసులో రికార్డులే లేనప్పుడు ఎంత గొప్ప క్వెరీ రాస్తే మాత్రం ఏమొస్తుంది? రహీం సాబ్‌కి ఎంచుకోవడానికి వాడవాడలా కుర్రాళ్ళుండేవారు. పోలీసు మైదానాలు, కంటోన్మెంటు వీధులు, బడి జట్లు ఉండేవి. ఉర్దూ, తమిళం, తెలుగు మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఒకే బంతి వెంట పరిగెత్తేవారు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్.సి. ఐ.ఎస్.ఎల్. గెలిచినప్పుడు పాతరోజులు వచ్చాయనుకున్నాం. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. పేరు కొనుక్కోవచ్చు, జట్టును తరలించుకోవచ్చు. వాడని మాత్రం ఎవరూ కొనుక్కోలేరు.

ఈ సంచిక చదివే మన సంఘాల పెద్దలకు ఒక మనవి. ప్రతి సభలోనూ క్రికెట్, వాలీబాల్ పోటీలు పెడుతూనే ఉన్నాం. వాటి పక్కనే పన్నెండేళ్ళ లోపు పిల్లలకు రహీం సాబ్ పేరిట ఒక ఫుట్‌బాల్ కప్పు పెడదాం. ఏ భాషవాళ్ళ పిల్లలొచ్చినా ఆడిద్దాం. రావడానికి వీలులేని పిల్లవాడుంటే ఎవరో ఒకరం కారు తీసుకెళ్ళి తెద్దాం. ఈ కాలానికి అదే అద్దె సైకిలు.