కడగగలిగిన పలక: ప్రత్యేక తరగతి సామగ్రి, పరిశుభ్రత – ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం

ఈ భాగం చదివిన తరువాత మీరు బోధనాభ్యసన సామగ్రికీ పరిశుభ్రతకూ ఉన్న సంబంధం ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు. మీ తరగతికి సామగ్రి ఎంచుకునేటప్పుడు ఆ అవగాహనను ఉపయోగించగలుగుతారు.

హైదరాబాద్ పాతబస్తీలోని దబీర్‌పురాలో ఒక ప్రత్యేక తరగతి గదిని ఊహించుకోండి. ఏడెనిమిది మంది పిల్లలున్నారు. ఒకరికి ఎప్పుడూ చొంగ కారుతూ ఉంటుంది. మరొకరు చేతికందిన ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకుంటారు. థర్మోకోల్ అక్షరాలు, రంగు కాగితం అతికించిన అట్టబొమ్మలు బీరువా పైన భద్రంగా ఉన్నాయి. పిల్లల చేతికిస్తే పాడవుతాయని టీచర్ భయం.

కడగడానికి వీలులేని సామగ్రి వల్ల రెండు నష్టాలున్నాయి. ఒకరి చొంగ మరొకరి నోటికి చేరి జబ్బు చేయవచ్చు. లేదా, చొంగ కార్చే బిడ్డకు ఆ వస్తువే ఇవ్వరు. జబ్బు చేస్తే హాజరుపట్టీలో కనిపిస్తుంది. వస్తువు అందకపోవడం ఏ రికార్డులోనూ కనిపించదు. తాకి నేర్చుకోవడం ఎవరికి ఎక్కువ అవసరమో వారే వెనకబడిపోతారు.

2. తఖ్తీ నుంచి రాతి పలక దాకా

పారశీకంలో దబీర్ అంటే లేఖకుడు. ఈ పేట పేరులోనే రాత ఉంది. ఉర్దూ, పారశీకం నేర్పే మక్తబ్‌లలో పిల్లలు తఖ్తీ అనే చెక్కపలక వాడేవారు. పలకను నీళ్లతో కడిగి, ముల్తానీ మట్టి పూసి, ఎండలో ఆరబెట్టి, రెల్లు కలంతో రాసేవారు. తెలుగు వీధిబడుల్లో ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. ఒక విషయం గమనించండి. తఖ్తీని కడగడం చదువులో భాగమే. కడగనిదే మరో పాఠం రాయడానికి చోటుండదు.

రాతి పలక వచ్చాక ఆ అలవాటు మారింది. తడిగుడ్డ దొరకనప్పుడు పిల్లలు ఉమ్మితో తుడిచేవారు. మీలో కొందరికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని గుర్తించిన తరువాత, ఉమ్మి వల్ల రోగాలు వ్యాపిస్తాయన్న భయం పెరిగింది. ఐరోపా, అమెరికా బడుల్లో పలకకు బదులు కాగితం వాడకం పెరగడానికి ఇదీ ఒక కారణం. నిజానికి లోపం పలకది కాదు. దాన్ని తుడవడానికి నీళ్లూ గుడ్డా ఏర్పాటు చేయకపోవడమే లోపం.

3. సెగ్విన్, మాంటిస్సోరి

మేధోవైకల్యం గల పిల్లలకు చేతి ద్వారా, ఇంద్రియాల ద్వారా నేర్పవచ్చని 19వ శతాబ్దంలో ఎడ్వర్డ్ సెగ్విన్ చూపాడు. గుంటలో సరిపోయే ముక్కను అమర్చే ఆకారాల పలకకు నేటికీ ఆయన పేరే ఉంది. మరియా మాంటిస్సోరి తన పనిని సెగ్విన్ రచనల ఆధారంగా వైకల్యం గల పిల్లలతోనే మొదలుపెట్టింది. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో పిల్లల గృహం ప్రారంభించింది. 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, మన దేశ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

ఆమె గదుల్లో సామాను తేలికగా, లేతరంగులో ఉండేది. మరక పడితే కనిపించాలి, పిల్లలే కడగాలి అన్నది ఆమె ఉద్దేశం. గరుకు కాగితపు అక్షరాలను కడగలేం. వాటిని తాకేముందు పిల్లల చేత చేతులు కడిగించేది. ఇందులో మనకు ఒక సూత్రం దొరుకుతుంది: వస్తువును కడగలేకపోతే చేతిని కడగాలి. ఉబ్బెత్తు చుక్కల బ్రెయిలీ కాగితానికీ ఇదే వర్తిస్తుంది.

4. నీళ్లు, సంస్థలు, హక్కు

కడగాలంటే ముందు నీళ్లుండాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ తరువాత వరదను అదుపు చేయడానికీ, నగరానికి నీళ్లివ్వడానికీ 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ సిద్ధమయ్యాయి. బడి పరిశుభ్రతకు ఊరి నీటి సరఫరాతో సంబంధం ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది.

1984లో సికింద్రాబాద్‌లో మేధోవైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ ఏర్పడింది. ప్రస్తుతం దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం నిర్దేశిత స్థాయి వైకల్యం గల విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, అభ్యసన సామగ్రి ఉచితంగా అందించాలి. అందిన సామగ్రి బీరువాలోనే ఉండిపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

5. ఎంపికలో గమనించవలసినవి

• ఉపరితలం నున్నగా, నీళ్లు పీల్చనిదిగా ఉండాలి. అట్టలను లామినేట్ చేస్తే, అంచులు కూడా మూసుకుపోయేలా చూడండి. తెరిచి ఉన్న అంచులోంచి తడి లోపలికి చేరుతుంది.
• గుడ్డబొమ్మ కొంటే ఉతకడానికి వీలైనదే కొనండి. పిల్లలు కొరికితే ముక్కలు ఊడివచ్చే థర్మోకోల్, స్పాంజి వద్దు.
• గరుకు, మెత్తన, చల్లన తెలియడం కూడా పాఠమే. కాబట్టి అన్నీ ప్లాస్టిక్ చేయకండి. నున్నగా చిత్రిక పట్టిన చెక్క, స్టీలు గిన్నెలు, చెంచాలు కూడా వాడండి.
• "వాడినవి" అని ఒక టబ్బు పెట్టండి. నోట్లో పెట్టుకున్న వస్తువు మరొకరి చేతికి వెళ్లకుండా నేరుగా అందులోకే వెళ్లాలి.
• ముందు సబ్బునీటితో కడగండి. మురికి పోకముందు క్రిమిసంహారక మందు సరిగా పనిచేయదు. చివర పూర్తిగా ఆరనివ్వండి.
• కడగడం, తుడవడం, ఆరబెట్టడం పిల్లల దినచర్యలో చేర్చండి. అది వారికి జీవన నైపుణ్యం అవుతుంది.

6. సారాంశం

తఖ్తీ కాలంలో కడగడం చదువులో భాగంగా ఉండేది. రాతి పలక కాలంలో దాన్ని మరిచారు. మాంటిస్సోరి దాన్ని మళ్లీ పాఠంగా మార్చింది. తేలికగా శుభ్రపడే వస్తువును టీచర్ భయం లేకుండా ఏ బిడ్డకైనా ఇవ్వగలరు. సామగ్రి ఎంపికలో పరిశుభ్రతను చూడటానికి ప్రధాన కారణం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రాతి పలక వాడకంలో ఏ లోపం వల్ల పరిశుభ్రత దెబ్బతిన్నది?
2. మీ బడి బీరువాలోని పది వస్తువులు తీయండి. వాటిలో కడగగలిగినవి ఎన్ని? మిగిలినవి ఇన్నాళ్లూ ఏ పిల్లల చేతికి అందలేదో రాయండి.